మధ్యకొచ్చేసరికి డ్రమ్స్ వెనకబడటం

మొదట్లో కలిసి, రెండో చరణానికి మీ ఫ్రెండ్ పంపిన డ్రమ్స్ వెనకబడుతున్నాయంటే, తప్పు వాయింపుది కాకపోవచ్చు. ఒక ఫోర్-ట్రాక్‌లో (నాలుగు ట్రాక్‌ల క్యాసెట్ రికార్డర్‌లో) రికార్డు చేసి, ఇంకో క్యాసెట్ డెక్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉంటారు. టేపు వేగంలో అర శాతం తేడా చాలు, 4 నిమిషాల పాటలో డ్రమ్స్ 1.2 సెకన్లు పక్కకి జరుగుతాయి.

1. రికార్డు చేసిన మెషిన్ నుంచే ఎక్కించమనండి. టేపు వేగం మార్చే పిచ్ నాబ్ ముట్టుకోవద్దు.
2. మీ ఫ్రెండ్ వింటూ వాయించడానికి మీరు పంపే గైడ్ ట్రాక్‌లో పాటకు ముందు నాలుగు క్లిక్‌లు పెట్టండి. అందరూ ఇక్కడే ఆపేస్తారు. పాట అయ్యాక కూడా ఒకటి ఉండాలి, రెండు చోట్లా క్లిక్‌తో పాటు అతను స్టిక్స్ కొట్టాలి. ఆ చివరి ‘టక్’ లేకపోతే ఎంత జరిగిందో కొలవలేరు.
3. అతని స్టిక్స్ దెబ్బలు మొదటి, చివరి క్లిక్‌లతో కలిసేలా డ్రమ్స్ ఫైల్‌ను లాగండి. రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్)లో ‘ప్రిజర్వ్ పిచ్’ టిక్ తీసేయండి. వేగంతో పాటు శ్రుతి కూడా సరవుతుంది.

మధ్యలో కాస్త ఊగితే వదిలేయండి, క్యాసెట్ వాడేదే అందుకు.