చక్రాలు విప్పే ముందు ఇది చదువు పాపా

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అనంతపురంలో సెకండ్ హ్యాండ్ కారు కొన్నావంట, సర్వీసింగ్‌కు ఇవ్వకుండా ఈ ఆదివారం నువ్వే చక్రాలు విప్పి లోపలంతా కడుగుతావంట, అదీ ఒక్కదానివే. మన ఇంటి పిల్ల స్పానర్ పట్టుకుంటానంటే, 31 ఏళ్లు డిపోలో బస్సుల కింద పనిచేసిన మామకు ఎంత సంతోషమో వేరే చెప్పాలా? కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి రాస్తున్నా, పొడుగైనా చివరిదాకా చదువు.

ముందు జాకీ సంగతి. చదునైన నేల చూసుకో, గేరులో పెట్టు, హ్యాండ్ బ్రేక్ వెయ్, లేపని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. నట్లు చక్రం నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేసుకో. జాకీ మీద నిలబడిన కారు కింద తల గానీ చెయ్యి గానీ పెట్టొద్దు, స్టాండు లేకపోతే విప్పిన చక్రాన్నే కారు కిందికి తోసి పడుకోబెట్టు. ఈ విషయంలో నాతో వాదించొద్దు.

కారు తిప్పి రాగానే నీళ్లు కొట్టొద్దు. చక్రం వెనకుండే బ్రేక్ డిస్కు కాలిపోతూ ఉంటుంది, చల్లనీళ్లు పడితే వంకరపోవచ్చు. రిమ్ము మీద నల్లగా పట్టేది బ్రేక్ ప్యాడ్ల పొడి, అందులో డిస్కు నుంచి అరిగిన ఇనుము కూడా ఉంటుంది. కడగకుండా వదిలేస్తే ఆ ఇనుప పొడే తుప్పు పట్టి రిమ్ము మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలవుతుంది. దాన్ని నోటితో ఊదొద్దు, తడిపి, కార్ షాంపూతో మెత్తని బ్రష్ పెట్టి రుద్దు. పోవడం లేదని బాత్రూం యాసిడ్ మాత్రం ముట్టుకోకు తల్లీ, అది రిమ్ము పాలిష్‌నూ నట్ల మీది పూతనూ తినేస్తుంది, ఇక ఆ నట్లకు తుప్పు ఆగదు.

కడిగిన గంటకే డిస్కు ఎర్రబడితే టెన్షన్ పడొద్దు. అది పోత ఇనుము, దాని గుణమే అంత, నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. నూనె గుడ్డతో తుడిచావంటే మాత్రం బ్రేకు పట్టదు! తడి చక్రాలతో హ్యాండ్ బ్రేక్ వేసి రాత్రంతా వదిలేసినా తప్పే, వెనక డ్రమ్ము బ్రేకులు ఉన్న కారైతే లోపలి బ్రేక్ షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. కడిగాక ఒక రౌండు తిప్పు, మెల్లగా బ్రేకులు తొక్కుతూ ఆరనివ్వు.

2009 అక్టోబరు 2న కర్నూల్లోకి వరద వచ్చినప్పుడు నీకు ఆరేళ్లు. పాతబస్తీ ఇంటి ముందు నా తెల్ల కారు సీట్లదాకా మునిగింది. నీళ్లు తీసేశాక వీధంతా పిండిలాంటి ఒండ్రు. ఇంజను బాగు చేయించా, సీట్లు మార్పించా, పైపు పెట్టి పైనంతా కడిగా. ముందు చక్రం పైన, షాక్ అబ్జార్బర్ బిగించే చోట రెండు రేకులు కలిసే సందు ఉంటుంది, ఆ సందులో తడి మట్టి కనబడింది. వేలు దూరలేదు. ఇంట్లో బురద ఎత్తిపోయాలి, మీ అవ్వ మందుల కోసం తిరగాలి, అదే ఆరిపోతుందిలే అనుకున్నా. మూడోరోజు ఆ మట్టి మీదే అండర్ కోటింగ్, అదే తుప్పు రాకుండా కారు అడుగున కొట్టే నల్లటి పూత, కొట్టేశా. చూడ్డానికి కొత్త కారులా ఉంది. బస్సులైతే ఇలా వదిలేవాణ్ణి కాదు.

2011 మే నెలలో నంద్యాల పెళ్లికి పోతున్నాం. మీ అమ్మ నా పక్కన, నువ్వు వెనక అవ్వ ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతున్నావు. ఓర్వకల్లు దగ్గర స్పీడ్ బ్రేకర్ దిగగానే ఢమ్మని శబ్దం వచ్చి స్టీరింగ్ ఎడమకు లాక్కుపోయింది. అప్పుడు స్పీడు ఇరవై కూడా లేదు. అంతకు ఐదు నిమిషాల ముందు డెబ్బైలో వస్తున్నాం.

టింకరింగ్ షెడ్డులో పిల్లోడు స్క్రూడ్రైవర్ ఆనించాడు, అప్పడంలోకి దిగినట్టు దిగింది. కోటింగ్ నల్లటి తోలులా ఊడి వచ్చింది. దాని వెనక రేకు లేదు, పొరలు పొరలుగా ఎర్రటి పొట్టు, ఆ పొట్టు మధ్యలో వరద ఒండ్రు. గుప్పిట్లోకి తీసుకుంటే చల్లగా తగిలింది. ఏడాదిన్నర దాటినా తడి ఆరలేదు, చక్రం ఎగజిమ్మిన వాన నీళ్లు సందుల్లోంచి లోపలికి పోయాయి, బయటికి వచ్చే దారి నేనే మూసేశా. మీ అమ్మతో షాక్ అబ్జార్బర్ పోయిందని చెప్పా. ఇప్పటికీ ఆమెకు తెలిసింది అంతే.

అనంతపురంలో వానలే తక్కువ, తుప్పెక్కడిది అనుకుంటావేమో. గుత్తి, డోన్ మీదుగా కర్నూలుకు వచ్చిపోతుంటావు కదా, ఇక్కడి పల్లె రోడ్ల రేగడి ఒకసారి పట్టుకుందంటే తడిని వదలదు. అందుకే చక్రం విప్పాక పైన ప్లాస్టిక్ కవర్ ఉంటే క్లిప్పులు ఊడదీసి దాని వెనక చూడు. ముఖ్యంగా కింద, తలుపు కింది రేకు మొదలయ్యే మూలలో మట్టీ ఆకులూ గూడు కడతాయి. గ్లోవ్స్ వేసుకుని చేత్తో తియ్, పాత టూత్ బ్రష్‌తో సందులు గీకు, తర్వాతే నీళ్లు. ప్రెషర్ గన్ను బేరింగ్ దగ్గరా కీళ్లకు తొడిగిన రబ్బరు బూట్ల దగ్గరా ఆనించి కొట్టొద్దు. తలుపు కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోతే సన్నటి ప్లాస్టిక్ పుల్లతో తెరువు. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివర ఒక బకెట్ మంచినీళ్లు పొయ్యి.

పొద్దున్నే కడిగితే ఎండ పనికొస్తుంది. మరునాడు టార్చ్ వేసి ప్రతి సందునూ పొడి గుడ్డతో తాకి చూడు. ఎర్ర చుక్క కనబడితే ఎమరీ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ వేసి, రంగు పుయ్యి. కోటింగ్ ఈ ఆదివారం వద్దే వద్దు. కడిగిన చోట ఎవరైనా కింద డీజిల్ కొడతాం తుప్పు రాదంటే ఒప్పుకోవద్దు, రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

నట్లు ఎదురెదురుగా బిగించు, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకో.

ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించొద్దు. ఓర్వకల్లు సంగతి నేనే చెప్పాలి, శనివారం ఇంటికి పోయి చెప్తా. ఆదివారం ఆరున్నరకు వీడియో కాల్ చేస్తా, అంతవరకు జాకీ డిక్కీలోనే ఉండనీ.

మీ మామ
కర్నూలు