మున్సిపాలిటీ పార్కులకు, హాళ్లకు ఒకే తీరు బోర్డులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ పట్టణంలో పార్కులు, కమ్యూనిటీ హాళ్లు, లైబ్రరీ, స్విమ్మింగ్ పూల్, కూరగాయల మార్కెట్, వైకుంఠధామం (శ్మశానవాటిక) అన్నింటికీ ఒకే తీరు బోర్డులు పెట్టాలని కౌన్సిల్ అనుకుంది. డిజైన్ పని మీ మీద పడింది. ముందు లోగో, రంగులు తేల్చుకోవాలా అన్నది మీ ప్రశ్న. చివర్లో క్యూఆర్ కోడ్ సంగతి కూడా అడిగారు.

లోగో, రంగులు ఆఖర్న చూసుకోవచ్చు. నేను ఫ్లెక్స్ ప్రింటింగ్‌తో ఈ పనిలోకి వచ్చి, తర్వాత తెలంగాణలో ఒక మున్సిపాలిటీకి పార్కుల బోర్డులు డిజైన్ చేసి బిగించే దాకా వెళ్లాను. మొదటి విడత బోర్డులు ఎవరు చేసినా బాగానే ఉంటాయి. అసలు పరీక్ష రెండేళ్ల తర్వాత మొదలవుతుంది. ఒక బోర్డు విరుగుతుంది, ఇంకో కాలనీలో కొత్త పార్కు వస్తుంది. అప్పటికి కమిషనర్ మారి ఉంటారు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) బదిలీ అయి ఉంటారు. వర్క్ ఆర్డర్ ఊళ్లో ఏదో ఒక షాపుకు వెళ్తుంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి మీరెవరో తెలియదు. మీకు ఫోన్ చేయకుండానే అతను అదే బోర్డును మళ్లీ చేయగలగాలి. అతను చేయలేని డిజైన్ ఎంత అందంగా ఉన్నా రెండేళ్లలో ఊరు మళ్లీ మొదటికొస్తుంది.

పని మాత్రం ఫోన్ కెమెరాతో మొదలుపెట్టండి. ప్రతి పార్కు గేటు, ప్రతి ఆఫీసు తలుపు ఫొటో తీయండి. మేం తీసిన ఒక గేటు ఫొటో చెబుతాను. పైన ఆర్చి మీద పార్కు పేరు సిమెంటు అక్షరాల్లో ఉంది. దాని కింద అదే పేరు వేరే స్పెల్లింగ్‌తో ఫ్లెక్స్ మీద ఉంది. ఎడమ స్తంభం మీద పెయింటుతో రాసిన వేళలు ఒకటి, కుడి స్తంభం మీద రేకు బోర్డులో వేళలు మరొకటి. బెంచీలు ఇచ్చిన దాతల పేర్లు, ప్రారంభోత్సవ శిలాఫలకం, సీసీ కెమెరాల హెచ్చరిక, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. ఇన్ని ఉన్నా మరుగుదొడ్లు ఎటువైపో చెప్పే బోర్డు లేదు. ఆ ఫొటో ప్రింటు తీసి మీటింగులో టేబుల్ మీద పెట్టండి. ఏ ప్రజెంటేషనూ అక్కర్లేదు.

ఆ తర్వాతి పని తీసేయడం. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ, కానీ తలనొప్పి కూడా ఎక్కువే. దాత బోర్డు మీద చేయి వేస్తే ఆ రోజే వార్డు కౌన్సిలర్‌కు ఫోన్ వెళ్తుంది. అందుకని తీసేస్తామని ఎవరితోనూ అనకండి. లోపల నీడ ఉన్న చోట దాతలందరి పేర్లతో ఒక పలక పెట్టి, 'మీ పేరు అక్కడికి మారుస్తున్నాం' అని ముందే చెప్పండి. శిలాఫలకాల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటిని కదపడం మీ స్థాయిలో తేలే విషయం కాదు.

ఇక బోర్డు మీద ఏం రాయాలి. మారేవి, మారనివి రెండు కుప్పలుగా విడదీయండి. పార్కు పేరు, బాణం గుర్తులు, మరుగుదొడ్లు, తాగునీరు, వాకింగ్ ట్రాక్, ఇవేవీ మారవు. వేళలు, టికెట్ ధర, ఫోన్ నంబరు, అధికారుల పేర్లు, పథకం పేరు మారతాయి. రాష్ట్రం కోడ్ కూడా మారుతుంది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు ఎన్ని బోర్డుల మీద స్టిక్కర్లు అతికించారో చూసే ఉంటారు. మారే సంగతులన్నీ బోర్డు అడుగున వేరే పట్టీ మీద పెట్టండి. నాలుగు స్క్రూలు విప్పితే ఊడి రావాలి. పై పలకను పదేళ్లు ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

నాయకుల ఫొటోలు పెట్టాలనే ఒత్తిడి తప్పకుండా వస్తుంది. దానికి నా దగ్గరున్న జవాబు ఎన్నికల కోడ్. కోడ్ వచ్చిన రోజు సిబ్బంది పాత పేపర్లు, మైదాపిండి పట్టుకుని బయల్దేరతారు. ఫొటో మీద అతికించిన పేపరు పక్కనున్న వేళల మీదికీ జరుగుతుంది. ఎన్నికలయ్యాక గీకితే వినైల్ (అక్షరాలకు వాడే అతుక్కునే ప్లాస్టిక్ పొర) కూడా లేచొస్తుంది. ఇది విడమరచి చెప్తే ఇంజినీరింగ్ సెక్షన్ వాళ్లే మీ పక్షాన నిలబడతారు. రంగుల విషయంలోనూ అంతే. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగుల గొడవ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చివరికి ఆ రంగులు మార్చాల్సి వచ్చింది. ఏ పార్టీ జెండాలోనూ కనిపించని ముదురు రంగు ఒకటి ఎంచుకోండి. ముదురు బూడిద రంగు మీద తెల్ల అక్షరాలు నాకు ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. ఎరుపును అలంకారానికి వాడొద్దు. భద్రతా గుర్తుల అంతర్జాతీయ పద్ధతిలో ఎరుపు నిషేధానికి, పసుపు హెచ్చరికకు, నీలం తప్పనిసరిగా చేయాల్సిన వాటికి, ఆకుపచ్చ సురక్షిత మార్గానికి కేటాయించారు. స్విమ్మింగ్ పూల్ దగ్గర 'లోతు ఎక్కువ' అన్న బోర్డు మిగతా వాటి మధ్య కలిసిపోకూడదు కదా. పైగా మన ఎండకు ప్రింటులో ముందు వెలిసిపోయేది ఎరుపే.

ఇప్పుడు తెలుగు అక్షరాల సంగతి. ఎక్కువ బోర్డులు పాడయ్యేది ఇక్కడే. ఇంగ్లిష్ అక్షరానికి కొలత తీసుకుని అదే సైజులో తెలుగు పెడితే చిన్నగా, ఇరుగ్గా కనిపిస్తుంది. పైన గుడి, కింద ఒత్తులు ఉండటంతో అసలు అక్షరానికి మిగిలే ఎత్తు తక్కువ. బోర్డు మీద లైన్ల మధ్య ఎంత ఖాళీ వదలాలో తేల్చడానికి నేను 'స్త్రీలు' అన్న మాట వాడతాను. స మీద గుడి దీర్ఘం, కింద తకారం ఒత్తు, దానికి చుట్టుకున్న రకారం. ఆ మాట పై లైనుకు, కింది లైనుకు తగలకుండా, పలక అంచు దగ్గర ఒత్తు తెగకుండా నిలబడితే మిగతా మాటలన్నీ నిలబడతాయి. పైగా ప్రతి మరుగుదొడ్డి తలుపు మీదా ఉండాల్సిన మాట అది.

సైజుకు బోర్డుల వాళ్లందరికీ తెలిసిన లెక్క ఒకటుంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. అది ఇంగ్లిష్‌కు సరిపోతుంది. తెలుగుకైతే గుడి, ఒత్తు వదిలేసి 'క' లాంటి అక్షరాన్ని మాత్రమే కొలిచి, దాని మీద ఇంకో పావు వంతు కలపండి. అయినా కాగితం మీది లెక్కను నమ్మొద్దు. మామూలు ప్రింటర్‌లో ఏ4 కాగితాలు తీసి, అతికించి, గేటుకు కట్టండి. పొద్దున వాకింగ్‌కు వచ్చే పెద్దాయన ఎక్కడ ఆగి చదువుతున్నారో చూడండి. దగ్గరికొచ్చి కళ్లజోడు సర్దుకున్నారంటే సైజు చాలలేదు.

ఫాంట్ ఒక్కటే పెట్టుకోండి. మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే ఎక్కువ. అవి యూనికోడ్ కాదు. అక్కడ టైపు చేసింది ఇంకోచోట పెడితే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగును షాపు కుర్రాడు మళ్లీ మొదటి నుంచి టైపు చేస్తాడు, తప్పులు దొర్లేది అప్పుడే. యూనికోడ్‌లో ఉచితంగా దొరికే వాటిలో నోటో సాన్స్ తెలుగు, మండలి, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు బోర్డులకు పనికొస్తాయి. నేనైతే అనేక్ తెలుగు అంటాను. సన్నం నుంచి బాగా లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ ఒకే కుటుంబంలో ఉన్నాయి, ఇంగ్లిష్ అక్షరాలూ దానికి జోడీగా వస్తాయి. పొడుగు పేరున్న పార్కుకు అక్షరాలను లాగి సాగదీసే పని తప్పుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు పెడితే ఒత్తులు విడిపోయి పక్కకు వస్తాయి. అందుకే ప్రతి బోర్డు ఫైలునూ రెండు రకాలుగా ఇవ్వండి: అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంట్ లేకపోయినా చెదరని గీతలుగా) మార్చిన పీడీఎఫ్ ఒకటి, మార్చుకోగలిగే అసలు ఫైలు ఒకటి. తరచూ వాడే మాటలన్నీ, మరుగుదొడ్లు, తాగునీరు, లోపలికి, బయటికి, కార్యాలయం లాంటివి, ముందే కర్వ్స్‌గా చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టేయండి. ఎవరూ మళ్లీ టైపు చేయక్కర్లేకుండా ఉండాలి.

తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష, 2017 నుంచి రాష్ట్రమంతటికీ. దానికి చోటు మొదటి డ్రాయింగులోనే వదలండి, తర్వాత ఇరికించొద్దు. ఉర్దూ రాసే నస్తాలిక్ లిపి ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ఎత్తు ఎక్కువ కావాలి, కుడి అంచు నుంచి మొదలవ్వాలి. ప్రింటుకు ముందు ఉర్దూ చదవడం వచ్చిన మనిషితో చూపించుకోండి. కాపీ పేస్టులో అక్షరాలు విడిపోయి, తిరగబడి అచ్చయిన బోర్డులు చాలాచోట్ల ఉన్నాయి.

గుర్తులను కొత్తగా గీయకండి. 1974లో అమెరికా రవాణా శాఖ కోసం అక్కడి గ్రాఫిక్ డిజైనర్ల సంస్థ 34 గుర్తులు తయారుచేసింది. 1979లో వాటిని 50 చేశారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మరుగుదొడ్డి, తాగునీరు, పార్కింగ్, అన్నీ జనం ఎయిర్‌పోర్టుల్లో, రైల్వే స్టేషన్లలో చూసి అలవాటుపడ్డ బొమ్మలే. ఓపెన్ జిమ్ లాంటి ఒకటీ అరా మాత్రం మీరు గీసుకోవాలి. గీసినా అదే మందం, అదే చతురస్రంలో గీయండి.

పలకల సైజులు మీ ఇష్టం వచ్చినట్టు పెట్టకండి. ఏసీపీ షీటు (రెండు పలచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) ఎనిమిది అడుగులు బై నాలుగు అడుగులు వస్తుంది. నాలుగు బై నాలుగు, నాలుగు బై రెండు, రెండు బై రెండు, రెండు బై ఒకటి, ఈ నాలుగు సైజులతో మొత్తం ఊరి పని అయిపోతుంది, ముక్క కూడా వృథా పోదు. అదే మూడున్నర బై రెండుంబావు అని పెట్టారనుకోండి, షాపతను వేస్టేజీ కూడా రేటులో కలుపుతాడు, లేదా చెప్పకుండా సైజు తగ్గిస్తాడు. తక్కువ సైజులతో ఎంత పని జరుగుతుందో చూడాలంటే అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ బ్రోషర్లు చూడండి. 1977లో డిజైనర్ మాసిమో విన్యెల్లి వేసిచ్చిన గ్రిడ్ (గళ్ల అమరిక), పైన ఆ నల్ల పట్టీ, అన్ని పార్కులకూ అదే పద్ధతి. ఎవరు చేసినా ఒకే ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి.

మెటీరియల్ గురించి రెండు ముక్కలు. ఫ్లెక్స్ వద్దు, ఒకటి రెండు ఎండాకాలాలకే చిరుగుతుంది. స్టీలు చూడ్డానికి బాగుంటుంది, కానీ రాత్రికి రాత్రి పాత సామాన్ల దుకాణానికి చేరుతుంది, ఎండలో తళతళలాడి చదవడానికీ రాదు. ఏసీపీ మీద ప్రింటు కాకుండా ప్లాటర్‌తో కోసిన వినైల్ అక్షరాలు, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు, కింద కాంక్రీటు. స్ప్రింక్లర్ నీళ్లు పడే చోట పెట్టొద్దు, బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. చెట్లకు మేకులు కొట్టొద్దు. చెట్ల పేర్ల పలకలకు భూమిలో చిన్న కడ్డీ పాతండి.

పార్కుల గురించే ఆలోచిస్తూ వైకుంఠధామాన్ని చివరి వరుసలో పడేయకండి. నా లెక్కలో మొదట చేయాల్సింది అదే. అక్కడికి వచ్చేవాళ్లు ఎవరినీ అడిగే స్థితిలో ఉండరు. బండి ఎక్కడ ఆపాలి, కట్టెలు ఎక్కడ, స్నానాల గది ఎటు, మరణ ధ్రువపత్రానికి పేరు ఎక్కడ రాయించాలి, ఈ నాలుగూ గేటు దగ్గర నుంచే బాణం గుర్తులతో కనిపించాలి. నియమాలు, హెచ్చరికలు గేటు మీద రాయొద్దు, లోపల ఆఫీసు గోడ మీద పెడితే చాలు.

ఇదంతా రాసిపెట్టే పుస్తకం పది పేజీలు దాటకూడదు. కొలతలు అడుగులు, అంగుళాల్లో, పక్కనే మిల్లీమీటర్లలో. దాన్ని విడిగా అల్మారాలో పెడితే ఎవరూ తీయరు. టెండర్ షెడ్యూలుకే డ్రాయింగులు జతచేయించండి, 'నమూనా బోర్డు ఒకటి ఆమోదం పొందాకే మిగతావి' అన్న షరతు రాయించండి. టెండరు తక్కువ రేటు వేసినవాడికే వెళ్తుంది. షెడ్యూల్లో షీటు మందం రాయకపోతే పలచని షీటే వస్తుంది. ప్రతి బోర్డు వెనకా ఒక నంబరు వేయించండి. విరిగినప్పుడు వార్డు ఆఫీసర్ ఆ నంబరు చెప్తే చాలు, ఏ ఫైలు ప్రింటు చేయాలో షాపుకు తెలిసిపోతుంది.

క్యూఆర్ కోడ్ పెట్టాలంటే అడుగున మారే పట్టీ మీదే పెట్టండి, అదీ ఫిర్యాదులకు, హాలు బుకింగ్‌కు మాత్రమే. ప్రైవేటు ఉచిత సైట్లలో చేసిన కోడ్‌లలో కొన్ని కొన్నాళ్లకు ఆగిపోతాయి, లేదా వేరే ప్రకటనలు చూపిస్తాయి, కాబట్టి మున్సిపాలిటీ సొంత వెబ్‌సైటు చిరునామాకే నేరుగా వెళ్లేలా చేయించండి. దారి చూపే సమాచారాన్ని మాత్రం క్యూఆర్‌లో దాచొద్దు. మరుగుదొడ్డి ఎటు అని వెతికే మనిషి ఫోన్ తీసి స్కాన్ చేస్తూ కూర్చోడు.