నంబర్ వేసే ముందు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీ సంగతంతా చెప్పాడు. జేబులో పట్టే మడత కత్తులు నువ్వే చేసి అమ్ముతావట, 50 మాత్రమే, ఒక్కోదానికీ నంబర్, వచ్చిన డబ్బు పిల్లల కేన్సర్ చికిత్సకి. వింటున్నంతసేపూ నాకు మాట రాలేదు. చిన్నప్పుడు నా బల్ల కింద కూర్చుని ఇత్తడి రజను పోగులు పెట్టి ఆడుకున్న పిల్లవి నువ్వు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అమ్మకం తేదీ కూడా ప్రకటించేశావట కదా. అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఉక్కు. నువ్వు మాగ్నాకట్ అనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. మంచి ఉక్కే. లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త తయారు చేసిన మిశ్రమం, 2021లో వచ్చింది. గట్టిగా ఉంటుంది, తొందరగా పెట్లిపోదు, తుప్పుకి బాగా ఓర్చుకుంటుంది. కత్తుల పిచ్చి ఉన్నవాళ్ళు ఆ పేరు చూసే కొంటారు. అయితే నీ దగ్గర కొనేవాళ్ళందరూ అలాంటివాళ్ళు కారు. సగం మంది ఆ పిల్లల కోసం కొంటారు. వాళ్ళు ఉత్తరాలు చించుకుంటారు, తాళ్ళు కోసుకుంటారు, పండు చెక్కు తీసుకుంటారు. పదును తగ్గితే ఇంట్లో ఏ రాయి ఉంటే దాని మీద రుద్దుతారు. వనేడియం అనే లోహం ఎక్కువగా ఉన్న ఉక్కులో, అది కార్బన్‌తో కలిసి ఏర్పడే కార్బైడ్ రేణువులు మామూలు సానరాయి కంటే గట్టివి. ఎస్90వి అనే ఉక్కు తీసుకో, అందులో 9 శాతం వనేడియం. దాన్ని వాళ్ళ రాయి మీద పెడితే రాయే అరుగుతుంది. వజ్రపు పొడి అద్దిన పలక కావాలి. మాగ్నాకట్‌లో వనేడియం 4 శాతమే, రేణువులు కూడా సన్నం, కాబట్టి అంత కష్టపెట్టదు. అయినా నీ చోట నేనుంటే ఎఇబి-ఎల్ తీసుకుంటాను.

అది గడ్డం గీసుకునే బ్లేడ్ల కోసం పుట్టిన ఉక్కు. కార్బన్ 0.67 శాతం, క్రోమియం 13 శాతం. రేణువులు చాలా సన్నం, అందుకే పదును వెంట్రుకంత నాజూగ్గా వస్తుంది. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద 60, 61 దగ్గర ఆపితే, మామూలు రాయి మీద నాలుగు సార్లు గీసినా మళ్ళీ పదునెక్కుతుంది. కొత్త చేతికి కూడా లొంగుతుంది. అది దొరక్కపోతే 14సి28ఎన్ అనే ఉక్కు కూడా దాదాపు ఆ తోవలోదే. ఏదైనా సరే, కాల్చి చల్లార్చాక డ్రై ఐస్‌లో, అంటే మైనస్ 78 డిగ్రీల దాకా దించమని హీట్ ట్రీట్‌మెంట్ వాళ్ళకి కాగితం మీద రాసివ్వు. నోటిమాటగా చెప్పి వదిలేయకు. తిరిగొచ్చాక ప్రతి బ్లేడూ గట్టిదనం చూపించుకో. రెండు మూడు చూసి మిగతావి కూడా అంతేలే అనుకోకు.

1095 అనే కార్బన్ ఉక్కు మీద నాకున్న ప్రేమ నీకు తెలుసు, కానీ దీనికి వద్దు. అందులో తుప్పుని ఆపే క్రోమియం లేదు. దాచుకునే కత్తి ఏళ్ళ తరబడి డబ్బాలో ఉంటుంది. నూనె రాయమని నువ్వు చీటీ పెట్టినా ఎవరూ రాయరు. డి2 అనే ఉక్కు జోలికి కూడా పోకు. క్రోమియం 12 శాతం అని కనిపిస్తుంది గానీ, అందులో చాలా భాగం కార్బైడ్లలోనే చిక్కుకుపోతుంది, తుప్పుని పూర్తిగా ఆపదు. రెండు రకాల ఉక్కు పొరలు కలిపి చేసే డమాస్కస్ చూడ్డానికి బాగుంటుంది. 50 కత్తులూ ఒకే తీరుగా రావాలంటే మాత్రం ఇప్పుడే వద్దమ్మా.

డిజైన్‌కి వద్దాం. లాక్ పెట్టకు. వెనక స్ప్రింగ్ మీద నిలబడే పాతకాలపు మడత కత్తే చెయ్యి. కొనేవాళ్ళు ఏ దేశంలో ఉంటారో నీకు తెలియదు. బ్రిటన్‌లో కారణం చెప్పకుండా జేబులో పెట్టుకోవాలంటే మడత కత్తికి లాక్ ఉండకూడదు, కోసే అంచు 3 అంగుళాలు దాటకూడదు. 7 సెంటీమీటర్ల లోపు పెట్టుకో. మందం 2.5 మిల్లీమీటర్లు చాలు. పదును పెట్టే ముందు అంచు మందం 0.3 మిల్లీమీటర్లకి దిగాలి. లావుగా వదిలేస్తే ఎంత మంచి ఉక్కైనా కొయ్యదు, చీలుస్తుంది.

లాక్ లేదు కాబట్టి వేళ్ళ సంగతి ఆలోచించు. స్ప్రింగ్ మెత్తనైతే కత్తి వేలి మీద మూసుకుంటుంది. మరీ బిగువైతే తెరిచేటప్పుడు గోరు విరుగుతుంది, చెయ్యి జారుతుంది. నీ నమూనాని ముందు మీ అమ్మ చేత తెరిపించు, తర్వాత కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళెవరి చేతనైనా తెరిపించు. గోటి గాడి లోతుగా, అంచులు గరుకు లేకుండా ఉండాలి. సగంలో ఒకసారి ఆగే హాఫ్ స్టాప్ తప్పకుండా పెట్టు. మూసేటప్పుడు వేలు తీసుకోవడానికి ఆ ఒక్క క్షణం దొరుకుతుంది. మూసినప్పుడు అంచు వెళ్ళి స్ప్రింగ్‌కి తగలకుండా, బ్లేడు మొదట్లో ఉండే బొడిపె సరిగ్గా ఆనాలి. పదునుపెట్టిన కొద్దీ ఆ బొడిపె కూడా అరుగుతుందేమో చూసుకో. పిడికి మైకార్టా వెయ్యి, గుడ్డ పొరలు రెసిన్‌తో అతికించి చేసే పలక అది, తేమకి ఉబ్బదు. రంగు నీ ఇష్టం.

ఇప్పుడు నేను ఇంతవరకూ మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పని మాట రాస్తున్నాను.

నేను కూడా ఒకసారి ఇలాంటి పని చేశాను. నువ్వు అప్పటికి పుట్టలేదు. కళ్ళ ఆపరేషన్ల కోసం 40 మడత కత్తులు. 1095 ఉక్కు, ఇత్తడి లైనర్లు, అంటే పిడి లోపలి రేకులు, బ్లేడు మీద లోతుగా చెక్కిన నంబర్లు. నీలాగే తేదీ ముందే చెప్పేశాను. పనిలో పని అని పిడులకి ఎక్కువ రోజులు తినేశాను. చివరికి పదును పట్టే పని రెండు రాత్రుల్లో తేల్చాల్సి వచ్చింది. సన్నబడ్డ అంచు గ్రైండర్ బెల్ట్ మీద క్షణంలో వేడెక్కుతుంది. ప్రతి రాపిడికీ నీళ్ళలో ముంచాలి. నంబర్ల వరస చూడకుండా చేతికందినవి తీసుకుంటూ, మొదటి ఇరవై కత్తులకీ ముంచాను. తర్వాత రెండు రాపిడ్లకోసారి, మూడింటికోసారి. తెల్లవారుజామున ఒకదాని కొసన నీలం రంగు కనిపించింది.

ఆ నీలం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఆ కత్తుల్ని నేనే 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేశాను, అంటే పెళుసు తగ్గేలా మళ్ళీ వేడి చేశాను. అంతకు మించి వేడెక్కితే ఉక్కు మెత్తబడుతుంది. నీలం తేలిందంటే అక్కడ వేడి 300 దాకా పోయిందన్నమాట. కొలిమి ముందు నేర్చుకున్న మొదటి పాఠం అది. తెలిసి కూడా ఏం చేశానంటే, పాలిష్ చక్రం మీద పెట్టి రంగు తీసేశాను. రంగు పోయింది, కత్తి మిగతావాటిలాగే మెరిసింది. లోపలి మెత్తదనం ఎక్కడికీ పోదు కదా. అలా ఎన్ని చేశానో లెక్క కూడా పెట్టుకోలేదు. పొద్దున్నే అన్నిటినీ గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. అన్నీ అమ్ముడుపోయాయి. అందరూ మెచ్చుకున్నారు. డబ్బు అందించినప్పుడు తీసిన ఫొటో మన ఇంట్లో ఇప్పటికీ ఉంది.

రెండేళ్ళ తర్వాత ఒక తోటమాలి ఇంటికి వెళ్ళాను. ఆయన 9వ నంబర్ కత్తి కొన్నాడు. అంటు కడుతూ, నాలుగు కొమ్మలు కోసి ఆగాడు, నడుముకి కట్టుకున్న సంచిలోంచి చిన్న రాయి తీసి కొస రుద్దాడు, మళ్ళీ నాలుగు కోశాడు, మళ్ళీ రుద్దాడు. నేను చూస్తున్నానని గమనించి సిగ్గుపడ్డాడు. "ఎప్పట్నించి ఇలా ఉంది?" అని అడిగాను. "మొదట్నించీ అంతేనండీ. మంచి పని కోసం కొన్నది కదా, ఏమనుకుంటాం" అన్నాడు. ఆ కత్తి తీసుకుని చూశాను. రుద్దీ రుద్దీ కొస సూదిలా సన్నబడిపోయింది. రెండేళ్ళు ఆయన నా తప్పుని రోజూ రాయి మీద అరగదీస్తూ వచ్చాడు, నాకు ఒక్క మాట చెప్పలేదు.

అమ్మడూ, నా భయం ఇదే. మామూలుగా అమ్మిన కత్తి బాగాలేకపోతే కొన్నవాడు వచ్చి పోట్లాడతాడు. పుణ్యం కోసం కొన్నవాడు నోరు విప్పడు. పెట్టిన డబ్బు పిల్లలకి చేరిందిగా అని సర్దుకుంటాడు. నీకు ఎవరూ చెప్పరు. కాబట్టి పోట్లాడేవాడి పని కూడా ముందే నువ్వే చెయ్యాలి.

నేను 40 మందికీ ఉత్తరాలు రాశాను. 31 కత్తులు తిరిగొచ్చాయి. ఒక్కోదాని కొసన ఆకురాయి ఆనించి చూశాను. మంచిదాని మీద ఆకురాయి జారిపోతుంది, చెడ్డదాన్ని పట్టుకుంటుంది. ఏడింటిని పట్టుకుంది. పిన్ను తొలిచి బ్లేడు మార్చాలి, నా దగ్గర ఒక్క అదనపు బ్లేడు కూడా లేదు. అన్నీ మళ్ళీ మొదట్నించి చేశాను. నంబర్ బ్లేడు మీద చెక్కాను కాబట్టి పాత నంబర్ పాత బ్లేడుతోనే పోయింది. కొత్తదాని మీద అదే నంబర్ మళ్ళీ కొట్టాను. 9వ నంబర్ ఇచ్చినప్పుడు ఆ తోటమాలి పాత బ్లేడు కూడా అడిగి తీసుకున్నాడు. అది అలవాటైపోయిందన్నాడు. మిగిలిన 9 కత్తులు ఎక్కడున్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. వాటిలో ఎన్ని మెత్తనివో కూడా తెలియదు. కొన్ని రాత్రులు ఆ లెక్క వేసుకుంటూ పడుకుంటాను.

అందుకే చెబుతున్నాను. నంబర్ బ్లేడు మీద వద్దు, లోపలి లైనర్ మీద వెయ్యి. 50కి 58 బ్లేడ్లు చేయించు, అన్నీ ఒకేసారి హీట్ ట్రీట్‌మెంట్‌కి పంపు. మిగిలిన 8 నంబర్ లేకుండా నూనె కాగితంలో చుట్టి దాచు. ఇంకో మాట, నువ్వు వాడేది స్టెయిన్‌లెస్. క్రోమియం వల్ల దాని మీద రంగు ఆలస్యంగా తేలుతుంది. నాకు నీలం కనిపించినట్టు నీకు కనిపించదు, కనిపించేసరికి అంచు ఎప్పుడో పాడైపోయి ఉంటుంది. కాబట్టి రంగుని నమ్మకు. గ్లవ్స్ తీసేసి ఉత్త వేళ్ళతో పట్టుకో, వేలికి వెచ్చగా తగలగానే నీళ్ళలో ముంచు. బెల్ట్ కొత్తది వాడు. అరిగిన బెల్ట్ కొయ్యదు, కాలుస్తుంది. బెల్టులకి డబ్బు తక్కువైతే నన్నడుగు, అడక్కుండా పాతదానితో లాగావో, నాకు కోపం వస్తుంది.

తేదీ వాయిదా వెయ్యి. ఈ ఉత్తరం చదివిన రోజే చెప్పెయ్యి. పదును పని పూర్తయి, అన్నీ ఒక్కొక్కటిగా చూసుకున్నాక కొత్త తేదీ చెప్పు. జనం అర్థం చేసుకుంటారు. కత్తికి ఎంత ఖర్చయింది, పిల్లలకి ఎంత వెళ్తుంది అన్నది పెట్టెలో పెట్టే చీటీ మీద అంకెలతో రాయి. లాభమంతా అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

రాత్రి పూట గ్రైండర్ దగ్గరికి వెళ్ళకు తల్లీ. జుట్టు ముడి వేసుకో. చున్నీతో అసలు వెళ్ళకు. నీ చేతులు చిన్నప్పుడు నా రెండు వేళ్ళు పట్టుకోవడానికే సరిపోయేవి, నాకు ఇంకా అలాగే గుర్తున్నాయి.

ఒక కత్తి నా పేరు మీద రాసి పెట్టు. ఏ నంబరైనా ఫరవాలేదు. డబ్బు అందరిలాగే పూర్తిగా కడతాను, పెదనాన్నకి ఊరికే ఇస్తానంటే తీసుకోను. వచ్చిన రోజే కొసన ఆకురాయి పెట్టి చూస్తాను, నెల రోజులు వాడతాను. ఎక్కడ తేడా కనిపించినా ఆ పూటే నీకు ఫోన్ చేసి చెబుతాను.

మీ పెదనాన్న