తుంటి విరిగింది... ఈ వయసులో ఆపరేషన్ అవసరమా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. మొన్న రాత్రి బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు లక్షన్నర దాకా అవుతుందన్నారు. బంధువులేమో ‘ఈ వయసులో కోత ఎందుకు, పుత్తూరు కట్టు కట్టిస్తే చాలు’ అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆపరేషన్ చేయించండి. అదీ ఆలస్యం లేకుండా. వీలైతే 48 గంటల్లోపే చేయాలంటాం. బీపీ, షుగర్ ఉన్నాయని వారాల తరబడి ఆగనక్కర్లేదు, వాటిని అదుపు చేస్తూనే మత్తు ఇస్తారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ముందే చెప్పండి.

తుంటి కీలు కండల లోపల ఉంటుంది. పైనుంచి ఎంత బిగించి కట్టినా విరిగిన ఎముక కదులుతూనే ఉంటుంది. తొడ ఎముక మెడ దగ్గర విరిగితే రక్త సరఫరా దెబ్బతిని అసలు అతకకపోవచ్చు. కాస్త కింద విరిగితే, కాలికి బరువు కట్టి రెండు మూడు నెలలు పడుకోబెడితే అతుక్కోవచ్చు. కానీ పెద్దవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేది ఆ మంచమే. నడుము కింద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డలు. ఆపరేషన్ అయితే చాలామందిని మర్నాడే వాకర్ పట్టించి నిలబెడతాం. ముప్పు పూర్తిగా పోతుందని చెప్పను. తుంటి విరిగిన పెద్దవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాదిలోపే చనిపోతున్నారు. మంచంలోనే ఉంచేస్తే అది ఇంకా ఎక్కువ.

ఇక ఖర్చు. లక్షన్నర ఒక్కసారిగా కనబడుతుంది కాబట్టి టెన్షన్ పెడుతుంది. మంచంలో ఉంచితే అయ్యేది ఎవరూ లెక్కేయరు: పగలొక ఆయా, రాత్రొక ఆయా, డైపర్లు, ఎయిర్ బెడ్, ఇంట్లో ఒకరు (దాదాపు ఎప్పుడూ కోడలో కూతురో) మానుకున్న ఉద్యోగం. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి 5 లక్షల దాకా వైద్యాన్ని 2024లో తెచ్చారు. ఆరోగ్యశ్రీ ఎటూ ఉంది. మీ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను ఈరోజే అడగండి.

ఇంకో మాట. నిలబడ్డ మనిషి జారిపడితేనే తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారినట్టే లెక్క. రాడ్ వేసి ఇంటికి పంపిస్తాం, ఎముక బలానికి మందు రాయడం మాత్రం చాలాసార్లు మా డాక్టర్లే మరిచిపోతారు. రెండో తుంటి విరగకముందే అడిగి రాయించుకోండి. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రానిక్ యాసిడ్ ఉంది. కిడ్నీ, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చూసి ఇస్తారు. అమ్మగారు ఇంటికొచ్చేలోపు బాత్రూం గోడకు పట్టుకునే రాడ్ బిగించండి, మంచం నుంచి అక్కడిదాకా రాత్రంతా లైటు ఉంచండి. నిద్రమాత్రలు వేసుకునే అలవాటుంటే అదీ డాక్టరు చెవిన వేయండి.