వెటరన్స్ హోమ్ ప్రభుత్వానిదైతే నిలదీయడానికి వీల్లేదా?

ప్రశ్న: మావారు అమెరికన్. మా మామగారు వియత్నాం యుద్ధంలో పనిచేశారు. ఏడాదిగా మా రాష్ట్ర ప్రభుత్వం నడిపే వెటరన్స్ హోమ్‌లో, అంటే మాజీ సైనికుల సంరక్షణ గృహంలో ఉంటున్నారు. మతిమరుపు మొదలైంది, సొంతంగా మంచం దిగలేరు. చేరినప్పుడు ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఇప్పుడు నడుము కింద బెడ్ సోర్ ఎముక కనిపించేంత లోతుకు వెళ్లింది. శని, ఆదివారాల్లో బెల్ కొట్టినా ఎవరూ రారు. అడిగితే "ఈ వయసులో మామూలే" అంటున్నారు. ప్రభుత్వ హోమ్ మీద కేసు కుదరదని, గొడవ చేస్తే ఆయన్ని బయటికి పంపేస్తారని తెలిసినవాళ్లు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీకు తెలిసినవాళ్లు చెప్పిన మొదటి మాటలో కాస్త నిజం ఉంది, రెండోది ఉత్త బెదిరింపు. ఆ రెండిటి సంగతీ తర్వాత చూద్దాం, ముందు పుండు. అంత లోతు పుండులోంచి ఇన్ఫెక్షన్ ఎముకకీ రక్తానికీ పాకవచ్చు. గాయాల చికిత్స తెలిసిన డాక్టరుకు ఈరోజే చూపించమని మీవారు హోమ్‌కు రాసి ఇవ్వాలి. జ్వరం, మగత, మాట తడబడటం కనిపిస్తే రాతకోతలు పక్కన పెట్టి 911కి ఫోన్ చేయండి.

"ఈ వయసులో మామూలే" అన్న మాట చట్టం ముందు నిలవదు. రాష్ట్రాలు నడిపే వెటరన్స్ హోమ్‌లకు కేంద్ర వెటరన్స్ అఫైర్స్ శాఖ, అంటే అందరూ వీఏ అనే శాఖ, రోజుకు మనిషికింత అని డబ్బు ఇస్తుంది. ఆ డబ్బుతో పాటు షరతులూ వస్తాయి. అవి కేంద్ర నిబంధనల్లో 38వ టైటిల్, 51వ భాగంలో ఉన్నాయి. బెడ్ సోర్ లేకుండా చేరిన మనిషికి తర్వాత అది రాకూడదని, ఆయన ఆరోగ్య స్థితిని బట్టి తప్పనిసరి అయితేనే మినహాయింపని అందులో స్పష్టంగా ఉంది. అది తప్పనిసరే అయిందని చూపించాల్సింది హోమ్. నోటి మాట చాలదు. ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పారు, ఏం తినిపించారు, చర్మం ఎప్పుడు చూశారు అన్నదంతా చార్టులో ఉండాలి. ఇలాంటి గొడవల్లో చాలావరకు తేలేది ఆ చార్టులోనే. రెండు గంటలకోసారి తిప్పినట్టు వారం మొత్తానికీ ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో టిక్కులు పెట్టి ఉంటే అదే మీకు సాక్ష్యం.

వారాంతం సంగతి కూడా అంతే ముఖ్యం. ఈ హోమ్‌లలో వారానికి 7 రోజులూ, 24 గంటలూ రిజిస్టర్డ్ నర్సు ఉండాలి. పడక దగ్గర నేరుగా చేసే నర్సింగ్ సేవ ఒక్కో మనిషికి రోజుకు కనీసం 2.5 గంటలు ఉండాలి. శని, ఆదివారాలకు మినహాయింపు లేదు. అందుకే ఫిర్యాదులో "సరిగా చూడటం లేదు" అని రాయకండి. "ఫలానా శనివారం 3:10కి బెల్ కొట్టాం, 3:55కి మనిషి వచ్చారు, ఆ షిఫ్టులో ఎంతమంది ఉన్నారో చెప్పండి" అని రాయండి. మొదటి వాక్యానికి ఓదార్పు ఉత్తరం వస్తుంది, రెండోదానికి లెక్క చెప్పాల్సి వస్తుంది.

రికార్డులు అడిగే హక్కు మామగారిది, ఆయన తరఫున చట్టబద్ధంగా నియమితులైనవారిది. అడిగిన 24 గంటల్లో చూపించాలి, సెలవు రోజులు లెక్కలోకి రావు. కాపీలకు రెండు పనిదినాల ముందు చెప్పి, ఖర్చు కడితే చాలు. కోడలిగా మీకు ఆ అధికారం దానంతటదే రాదు. కొడుకైనా సరే, కాగితం అడుగుతారు. వైద్య నిర్ణయాలకు పవర్ ఆఫ్ అటార్నీ ఉందో లేదో చూడండి. లేకపోతే మామగారికి విషయం అర్థం చేసుకునే శక్తి ఉండగానే రాయించుకోండి. ఆలస్యమైతే గార్డియన్‌షిప్ కోసం కోర్టుకు వెళ్లాలి. అది నెలల తరబడి సాగే పని, ఖర్చూ ఎక్కువే. పుండు ఫొటోలు మామగారి అనుమతితో, తేదీ తెలిసేలా తీసుకోండి, పక్క మంచాల వాళ్లు ఫొటోలో పడకూడదు.

ఫిర్యాదు ముందు హోమ్ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, ఆ వెంటనే రాష్ట్ర లాంగ్‌టర్మ్ కేర్ అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి హోమ్‌లలో ఉండేవారి ఫిర్యాదులు చూసే అధికారికి ఇవ్వండి. ఈ కార్యాలయం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది, ఫీజు లేదు. ఇంకో కాపీ మీ హోమ్‌ను పర్యవేక్షించే వీఏ వైద్య కేంద్రానికి పంపండి. ఈ హోమ్‌లను వీఏ ఏటా తనిఖీ చేస్తుంది. చివరి తనిఖీలో ఏం తేలిందో చూసే హక్కు మీ మామగారికి ఉంది, అడగండి. మెడికేర్ (వృద్ధుల కేంద్ర ఆరోగ్య బీమా) వారు నర్సింగ్ హోమ్‌ల వివరాలు పెట్టే కేర్ కంపేర్ వెబ్‌సైట్‌లో హోమ్ పేరు కనిపించకపోతే కంగారు పడకండి. మెడికేర్, మెడిక్‌ఎయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారి ప్రభుత్వ ఆరోగ్య బీమా) గుర్తింపు తీసుకోనివి అందులో ఉండవు. గుర్తింపు ఉంటే రాష్ట్ర ఆరోగ్యశాఖకూ ఫిర్యాదు చేయవచ్చు.

ఇక పంపేస్తారన్న భయం. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం నిషిద్ధం. పంపడానికి కారణాలు నిబంధనల్లో లెక్కపెట్టి ఉన్నాయి: హోమ్ ఆయన అవసరాలు తీర్చలేకపోవడం, ఇతరులకు ప్రమాదం, బాకీ పడటం లాంటివి. మామూలుగా 30 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటితో ఎవరైనా అంటే ఎవరన్నారో, ఎప్పుడన్నారో డైరీలో రాసుకోండి.

కేసు విషయానికొస్తే, ప్రభుత్వ హోమ్ మీద దావా ప్రైవేటు నర్సింగ్ హోమ్ మీద వేసినంత తేలిక కాదు. ముందుగా రాష్ట్రానికి నోటీసు ఇవ్వాలి, దానికి గడువు ఉంటుంది. న్యూజెర్సీలో 90 రోజులు, కాలిఫోర్నియాలో 6 నెలలు, మసాచుసెట్స్‌లో 2 ఏళ్లు. మీది ఏ రాష్ట్రమో రాయలేదు కాబట్టి అన్నిటికన్నా తక్కువదే మీకు వర్తిస్తుందనుకుని ఈ నెలలోనే లాయరును కలవండి. పరిహారానికి పరిమితులూ ఉంటాయి, మసాచుసెట్స్‌లో మామూలుగా లక్ష డాలర్లు దాటదు. సిబ్బంది రాష్ట్ర ఉద్యోగులు కాబట్టి వీఏ మీద దావా సాధారణంగా నిలవదు.

2023లో సుప్రీంకోర్టు టలెవ్‌స్కీ కేసులో 7-2 తీర్పు ఇచ్చింది. మెడిక్‌ఎయిడ్ డబ్బు తీసుకునే ప్రభుత్వ నర్సింగ్ హోమ్‌లో నివాసి హక్కులకు భంగం కలిగితే పౌరహక్కుల చట్టం కింద కేంద్ర కోర్టుకు వెళ్లవచ్చని తేల్చింది. దీన్ని చూసి అందరూ సంబరపడ్డారు గానీ, ఆ హోమ్ ఒక కౌంటీ సంస్థది. రాష్ట్రమే నేరుగా నడిపే హోమ్ అయితే ఆ చట్టం కింద రాష్ట్రం నుంచి పరిహారం రాబట్టలేం, బాధ్యులైన అధికారులను వ్యక్తిగతంగా ప్రతివాదులుగా చేర్చాలి. మీ లాయరుకు ఈ తేడా తెలుసో లేదో మొదటి మీటింగ్‌లోనే అడగండి.

2020లో కరోనా మొదటి ఉధృతిలో మసాచుసెట్స్‌లోని హోలియోక్ సోల్జర్స్ హోమ్‌లో కనీసం 76 మంది మాజీ సైనికులు చనిపోయారు. 2022లో ఆ రాష్ట్రం 5.6 కోట్ల డాలర్లకు రాజీ పడింది. న్యూజెర్సీ హోమ్‌ల మీద కేంద్ర న్యాయశాఖే విచారణ జరిపి, నివాసుల రాజ్యాంగ హక్కులకు భంగం కలిగిందని 2023లో నివేదిక ఇచ్చింది. ఆ అంకెలు చూసి మీ కేసుకు ఖరీదు కట్టకండి, అవి సామూహిక విషాదాలు. ప్రభుత్వమైతే ఎవరూ ఏమీ చేయలేరని చెప్పినవాళ్లకు మాత్రం చూపించవచ్చు.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు హోమ్‌లో చేరినప్పుడు సంతకాలు పెట్టిన కాగితాలన్నీ తీసుకెళ్లండి. గొడవ వస్తే కోర్టుకు కాకుండా మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలన్న షరతు అందులో ఎక్కడైనా ఉందేమో ఆయన చూస్తారు.