ట్యాంకు కడిగిన తరువాత రెండు కిలోమీటర్లకే ఆగిపోతున్న బండి

ట్యాంకు కడిగి, కొత్త పెట్రోలు పైపు వేసిన తరువాత బండి రెండు కిలోమీటర్లు నడిచి ఆగిపోతూ, కాసేపు నిలిపితే మళ్లీ స్టార్ట్ అవుతున్నదంటే, కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) కన్నా ముందు ట్యాంకు మూతలోని గాలి రంధ్రాన్ని అనుమానించాలి. పెట్రోలు దిగేకొద్దీ పైనుంచి గాలి చేరకపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి ధార ఆగిపోతుంది.

1. బండి ఆగిన వెంటనే మూత తెరవండి. ‘స్స్’మని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, ఆ తరువాత కొద్దిసేపటికే స్టార్ట్ అయితే కారణం అదే. ఈ చిన్న పరీక్షను వదిలేసి చాలామంది కార్బొరేటర్‌ను అనవసరంగా మళ్లీ విప్పుతారు.

2. రంధ్రంలో పేరుకున్న తుప్పును, మడ్డిని గాలి ఊది తొలగించండి. మూత కింది రబ్బరు వాషర్ రంధ్రానికి అడ్డుపడకుండా చూడండి.

3. తేడా కనిపించకపోతే, ఇంజన్ పూర్తిగా చల్లారాక, కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలును ఒక డబ్బాలోకి పట్టండి. మూత తెరిచి ఉంచినా ధార క్రమంగా చుక్కలుగా మారితే, పొడవుగా కోసిన కొత్త పైపు ట్యాంకు కింద మడత పడి ఉండవచ్చు. కార్బొరేటర్ నుంచి ఊడదీసిన పైపు చివర ధార బాగుండి డ్రెయిన్ దగ్గర మాత్రం రాకపోతే, ఫ్లోట్ నీడిల్ (కార్బొరేటర్‌లోకి పెట్రోలు వచ్చే దారిని మూసి తెరిచే సూది) అంటుకుపోయిందని భావించి, అప్పుడే కార్బొరేటర్ విప్పండి.