క్లెయిమ్ వెనక్కొస్తే హాస్పిటల్ ఏం చేస్తుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్‌ని. పేషెంట్‌ని చూసే టైమ్ కంటే కేస్ షీట్ నింపే టైమే ఎక్కువైపోతోంది. రాసిన నోట్ మీద కూడా కోడింగ్ వాళ్లు (బిల్లు కోసం జబ్బులకీ ట్రీట్‌మెంట్‌కీ కోడ్‌లు వేసేవాళ్లు) మళ్లీ క్వెరీలు పంపిస్తారు. అసలు మేం రాసేది పేషెంట్ కోసమా, ఇన్సూరెన్స్ రివ్యూయర్ కోసమా?

జవాబు: ఇద్దరి కోసమూనండీ. కాకపోతే ఆ రివ్యూయర్ మీ పేషెంట్‌ని జన్మలో చూడడు, ఆయనకి కనిపించేది మీరు రాసిన కాగితమే, అందులో లేనిది జరగనట్టే లెక్కేస్తాడు.

ఇది ఇంతలా ముదరడానికి కారణం డబ్బులిచ్చే పద్ధతి మారడం. యేల్ యూనివర్సిటీలో ఫెట్టర్, థాంప్సన్ అనే ఇద్దరు, హాస్పిటల్ పనిని కొలవడానికని, కేసుల్ని గ్రూపులుగా విడగొట్టే డీఆర్‌జీ పద్ధతి తయారుచేశారు. 1983లో అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకి ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్) దాన్నే పేమెంట్‌కి వాడటం మొదలెట్టింది. అంతకుముందు అయిన ఖర్చు చూసి ఇచ్చేవాళ్లు, ఇక నుంచి ఈ గ్రూపు కేసుకి ఇంత అని ఫిక్స్. దాంతో పేషెంట్లని తొందరగా ఇంటికి పంపడం ఎక్కువైంది, ఇంకోపక్క కేస్ షీట్‌లో ఒక్కో మాటకీ రేటు కట్టినట్టయింది. ఉత్త న్యుమోనియా అంటే ఒక లెక్క, దానికి తోడు రెస్పిరేటరీ ఫెయిల్యూర్ అని రాస్తే ఇంకో లెక్క. మాటకి డబ్బొచ్చాక ఆ మాట నిజమా కాదా అని చూసేవాడు రాకుండా ఉంటాడా?

మీకొచ్చే క్వెరీలన్నీ మాత్రం వేధింపులు కాదు. యూరోసెప్సిస్ అని డాక్టర్లు అలవాటుగా రాసేస్తుంటారు కదా, జబ్బులకి కోడ్‌లిచ్చే జాబితా ఐసీడీ-10లో ఆ మాటకి కోడే లేదు, ఉన్నది యూరిన్ ఇన్ఫెక్షన్ ఒక్కటేనా లేక సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీసే స్థితి) దాకా వెళ్లిందా అనేది కోడర్ ఊహించి వేయకూడదు, మిమ్మల్ని అడగాల్సిందే. కాకపోతే అడిగే తీరులో తేడా ఉంది. పేషెంట్ రిపోర్టుల్లో ఉన్నవి చూపించి, మీ అభిప్రాయం ఏంటి, ఇదా అదా ఇంకోటా అని అడిగితే సరైన క్వెరీ. సెప్సిస్ అని యాడ్ చెయ్యండి, రేటు పెరుగుతుంది అన్నట్టుంటే దాని మీద సంతకం పెట్టకండి, రేపు ఆడిట్‌లో ఆ సంతకం మీదే.

సెప్సిస్ దగ్గర ఇంకో తలనొప్పి కూడా ఉంది. 2016లో దానికి కొత్త నిర్వచనం వచ్చింది, ఇన్ఫెక్షన్ వల్ల అవయవం దెబ్బతింటేనే సెప్సిస్ అని. హాస్పిటల్ పాత లెక్కన రాస్తుంది, ఇన్సూరెన్స్ వాళ్లు కొత్త లెక్కన కొట్టేస్తారు, ఎవరి కొలత ప్రకారం వాళ్లు కరెక్టే. అందుకే కాస్త తెలివైన హాస్పిటల్స్ మేం ఈ నిర్వచనమే వాడతాం అని ముందే రాతపూర్వకంగా పెట్టుకుంటాయి.

నాకు అస్సలు నచ్చనిది కాపీ పేస్ట్. మొదటి రోజు నోట్ నాలుగో రోజు కూడా అక్షరం మారకుండా ఉంటే, ఏమీ మారనప్పుడు ఎందుకు ఉంచారు అని రివ్యూయర్ అడుగుతాడు, అడగాలి కూడా. మీరు రోజూ ఒక్క లైన్ సొంతంగా రాయండి చాలు, ఈ రోజు ఈ మనిషిని ఇంటికి ఎందుకు పంపలేకపోతున్నాం అని. అది పేజీల కొద్దీ టెంప్లేట్ కంటే ఎక్కువ పనిచేస్తుంది, పైగా నైట్ డ్యూటీకి వచ్చే డాక్టర్‌కి కూడా పనికొస్తుంది.

ప్రశ్న: అమెరికాలో మెడికేర్ ఉన్న మా అమ్మ రాత్రంతా వార్డులోనే బెడ్ మీద ఉంది. బిల్లులో మాత్రం అడ్మిట్ కాలేదు, అబ్జర్వేషన్ అంటున్నారు. ఇదేం లెక్క?

జవాబు: ఇది రివ్యూకి భయపడి హాస్పిటల్స్ నేర్చుకున్న జాగ్రత్తే. అడ్మిషన్ అవసరం లేదని తర్వాత ఆడిట్‌లో తేలితే ఇచ్చిన డబ్బు వెనక్కి లాగేస్తారు, అందుకని డౌట్ ఉంటే అబ్జర్వేషన్‌లో పెట్టేవాళ్లు. ఆ గొడవ తగ్గించడానికి 2013లో రెండు అర్ధరాత్రుల రూల్ తెచ్చారు, రెండు అర్ధరాత్రులు దాటేంత అవసరం ఉందని డాక్టర్ అనుకుంటే మామూలుగా అడ్మిషన్ కింద లెక్క. మీ అమ్మగారిది ఒక్క రాత్రే కాబట్టి ఇలా వేసుంటారు. దీని దెబ్బ తర్వాత తెలుస్తుంది, ఎందుకంటే నర్సింగ్ ఫెసిలిటీలో ఉండాల్సి వస్తే ఆ ఖర్చు ఇవ్వడానికి ఒరిజినల్ మెడికేర్ (ప్రభుత్వమే నేరుగా నడిపేది) మామూలుగా ముందు మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా, అంటే అడ్మిట్ అయి, ఉండాలంటుంది, అబ్జర్వేషన్ టైమ్ అందులో కలవదు. అబ్జర్వేషన్ 24 గంటలు దాటితే హాస్పిటల్ మీకు ఆ సంగతి రాసిన నోటీస్ ఇవ్వాలి, 36 గంటల లోపు. అది అందిందా లేదా చూసుకోండి.

ప్రశ్న: మాది చిన్న హాస్పిటల్, నేను బిల్లింగ్ చూస్తాను. రిజెక్ట్ అయిన ప్రతి క్లెయిమ్‌కీ అప్పీల్ వేయాలా?

జవాబు: వద్దండీ, ముందు కారణాల వారీగా విడదీయండి. అప్రూవల్ తీసుకోలేదు, కాగితం లేదు, లేటయింది లాంటివి మీ ఫ్రంట్ డెస్క్ దగ్గర ఆగాల్సినవి, వాటి మీద అప్పీల్ రాస్తూ కూర్చుంటే పోయిన నెల కథే వచ్చే నెలా. ట్రీట్‌మెంట్ అవసరమే లేదన్నారా, అప్పుడు మీరు లెటర్ రాయడం కంటే మీ డాక్టర్ వాళ్ల డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడటం మేలు.

జర్మనీలో అయితే 2022 నుంచి లెక్క ఇంకా కఠినం. ఇన్సూరెన్స్ వాళ్లు చెక్ చేయించిన బిల్లుల్లో 60 శాతం లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా ఉన్న హాస్పిటల్‌వి 5 శాతం బిల్లులే ఆడిట్‌కి తీయొచ్చు, సరైనవి 40 శాతం కంటే తగ్గితే 15 శాతం దాకా తీయొచ్చు. పైగా పంపిన బిల్లుని తర్వాత దిద్దుకోవడం దాదాపు కుదరదు. అలాంటి చోట చెక్ చేయాల్సింది పంపకముందే. మీ దగ్గర ఇంకో మనిషిని పెట్టుకునే స్తోమత ఉంటే, అప్పీల్ డెస్క్ మీద కాదు, బిల్లు బయటికి వెళ్లే ముందు కేస్ షీట్‌తో పోల్చి చూసే పనిలో పెట్టండి.